పున్నయ్య గంజిపంచె

కల్లూరు దగ్గరి వలస రైతుల క్యాంపులో పున్నయ్య నడిచొస్తుంటే మనిషికంటే ముందు పంచె చప్పుడు వినపడేది. కాలువ నీళ్లను నమ్ముకుని కృష్ణా జిల్లా నుంచి వచ్చి పదిహేనేళ్లయినా, గంజి పెట్టని పంచెతో ఊరు దాటడం ఆయనకు నామోషీ. పొలంలో గోచీతో బురద తొక్కినా, మాన్వి వెళ్లాలంటే మాత్రం పెళ్లికొడుకే.

డెబ్భై నాలుగులో వరికి దోమ పట్టింది. మాన్విలో వీరభద్రయ్య కొట్లో కొన్న మందు కొడితే దోమ చావకపోగా పక్క మళ్లకూ పాకింది. వారంలోగా అసలు మందు పడకపోతే ఆ ఏడు గింజ ఇంటికి రాదు. వెళ్లి అడిగితే వీరభద్రయ్య తాపీగా, "మందుల ఏం తక్కువ లేదు. నీకే కొట్టనీకి రాదు," అన్నాడు. పున్నయ్యకు ఒళ్లు మండింది.

కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మేనల్లుడు గోపాలయ్య రెండు సీసాలు తెచ్చాడు. ఒకదాంట్లో తెల్లపొడి, ఇంకోదాంట్లో రంగుచుక్కల మందు.

"ఈ పొడి పిండి నుంచి తీసిందే, మామయ్యా. దీని అణువులు చేతి గాజుల్లా గుండ్రంగా ఉంటాయి. చాకలి సోడా కలిపిన నీళ్లలో ఈ రంగుచుక్క వేస్తే గులాబి రంగొస్తుంది. పొడి కలిపితే ఆ రంగు గాజుల్లో దూరి దాక్కుంటుంది. అప్పుడు పురుగుమందు వేస్తే, రంగును బయటికి నెట్టి అది కూర్చుంటుంది. నీళ్లు మళ్లీ గులాబి అవుతాయి. ఉత్త నీళ్ల మందైతే కావు. ముందు ముందు ఈ గాజుల్లోనే మందు పెట్టి పైరుకు కొద్దికొద్దిగా అందించొచ్చు కూడా."

ముందు ముందు సంగతి పున్నయ్యకు పట్టలేదు. ఆయనకు కావాల్సింది జనం ముందు వీరభద్రయ్య మొహం మాడటం.

తెల్లారి చూస్తే పొడి సీసా ఖాళీ.

"పిండేనన్నాడుగా మీ మేనల్లుడు," అంది వెంకటరత్నమ్మ. "గంజిలో కలిపి మీ పంచెకే పెట్టా. ఎంత బిరుసుగా వచ్చిందో చూడండి."

పున్నయ్య భార్యను చూశాడు, పంచెను చూశాడు. తిట్టడానికి టైము లేదు, బస్సు వచ్చేస్తుంది. ఆ పంచే కట్టుకుని ఎక్కాడు.

కొట్టు ముందు జనం పోగయ్యారు. రంగుచుక్క పడగానే గ్లాసులో సోడా నీళ్లు గులాబిగా మెరిశాయి. పున్నయ్య పంచె కొస ముంచి, పిసికి, పిండాడు. రంగు మెల్లగా వెలిసి నీళ్లు తెల్లబడ్డాయి. తాను ఆ కొట్లోనే కొన్న మందు నాలుగు చుక్కలు వేశాడు. రంగు రాలేదు.

"పంచె ఉతికిన నీళ్లల్ల ఏం తేల్తది?" వీరభద్రయ్య ఎగతాళి చేశాడు. "గీ నీళ్లల్ల ఏ మందేసినా రంగు రాదు. కావాలంటే చూడు." ఆ ఊపులో లోపలి అరలోంచి, తన సొంత పొలానికి దాచుకున్న డబ్బా తెచ్చి తానే నాలుగు చుక్కలు వేశాడు.

గ్లాసు గులాబి అయింది.

జనం గ్లాసు వంక చూసి, డబ్బా వంక చూసి, చివరికి వీరభద్రయ్య వంక చూశారు. ఆయన ఆ డబ్బా పున్నయ్య చేతిలో పెట్టాడు. పంట దక్కింది.

ఆ పొడి మళ్లీ దొరకలేదు. అయినా పున్నయ్య పంచె చప్పుడు చేస్తూ మెట్టెక్కితే చాలు, వీరభద్రయ్య అడక్కుండానే లోపలి అర తెరిచేవాడు. ఆ తర్వాత పంచెకు పెడుతున్నది ఉత్త అన్నం గంజేనని వెంకటరత్నమ్మ ఎవరికీ చెప్పలేదు.