గుమ్మం అవతల మోగిన ఫోను

నేను సర్కారు ఆఫీసులో ఊడుస్తాను, టీ కాస్తాను. మా ఆయన పోయాక దొరికిన పని అది. ఆ వానాకాలం నా కూతురికి నెలలు నిండాయి. దాని అత్తగారి ఊరు గొల్లపల్లి దారిలో, వాగు అవతల. వాగు పొంగిందంటే ఇక ఇవతలికి దారి లేదు. నొప్పులు మొదలైతే వాళ్ల ఊరి మితానిన్, అంటే మందులూ కాన్పులూ చూసుకునే ఆమె, సిగ్నలు కోసం గుట్టెక్కి మా ఆఫీసుకు ఫోను చెయ్యాలి. నీళ్లు లేవకముందే జీపు పంపిస్తానని మా ఆఫీసరు సాబు మాట ఇచ్చాడు. నా సెల్లును నమ్ముకోలేను. చినుకు పడితే మా దగ్గర టవరు పోతుంది. అందుకే గుమాస్తా బాబు బల్ల మీది ఫోను నంబరు ఆమెకు ఇచ్చి వచ్చాను.

ఆఫీసు ఫోన్లు నెట్టు తీగ మీద నడిచేవి. ఆ పొద్దున సాబు తన ఫోనులో గొంతు బొంగురుగా వస్తోందని, దాన్ని బాబు బల్ల మీదికి, బాబు ఫోనును తన బల్ల మీదికి మార్పించుకున్నాడు. గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని, జీపు ఇక్కడే ఉంచి బస్సులో దంతెవాడ మీటింగుకు పోయాడు.

తీగ గుచ్చగానే బాబు ముందున్న ఫోను నల్లగా ఉండి, ఒక్కసారిగా దీపాలన్నీ వెలిగించి, మళ్లీ ఆర్పేసింది. ఒక్క చిన్న దీపం మాత్రం కొట్టుకుంటోంది. బయట మబ్బు కమ్ముకొస్తోంది.

"ఏంది బాబూ, ఇంకా లేవలేదా?"

"ఆగు పెద్దమ్మా. ముందు ఇది ఆ మూలన ఉన్న నెట్టు డబ్బాను అడ్రసు అడగాలె. అది ఇచ్చినంక జిల్లా ఆఫీసు మిషను కాడికి పోయి, నేను ఫలానా అని చెప్పుకోవాలె. ఆ మిషను ఒప్పుకుంటేనే మోగుతది."

"రేషను కాడ నా వేలు లెక్కన అన్నమాట."

"నీ వేలు అరిగిపోయింది, దాన్ని ఏ మిషనూ ఒప్పుకోదు. ఇది కొత్తది గదా!" అని నవ్వాడు.

పచ్చ దీపం నిలిచింది. నా ప్రాణం కుదుటపడింది. చీపురు పక్కన పెట్టి ఆ ఫోను ఎదురుగానే కూర్చున్నాను.

వాన దిగింది. రేకుల మీద రాళ్లు పోసినట్టు చప్పుడు. ఆ చప్పుడులోంచి సాబు గదిలో గంట వినబడింది. మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది.

"సాబు ఫోను పెద్దమ్మా. మోగనియ్యి, మనకెందుకు?"

నా ముందున్నది పచ్చగా వెలుగుతూ కిక్కురుమనడం లేదు. తలుపు అవతల ఇంకోసారి మోగింది. అది ఆగిన ప్రతిసారీ లేచి తలుపు దాకా పోయి వచ్చాను. ఎందుకో చెప్పలేను.

"ఇంత వానల సాబుతోని ఎవరికి పనిబడ్డది బాబూ?"

బాబు తన ముందున్న ఫోను అద్దంలోకి వంగి చూశాడు. ముఖంలో నెత్తురు లేదు.

"ఇక్కడ సాబు నంబరు చూపిస్తుంది... పాత ఫోన్లకు నంబరు తీగెలో ఉండేది పెద్దమ్మా. వీటికి ఫోనుతోనే పోతది. నా నంబరు సాబు గదిల మోగుతున్నది."

జీపు డ్రైవరు గడ్డపారతో తాళం పగలగొట్టాడు. మేం లోపలికి పోయేసరికి గంట ఆగిపోయింది. అద్దం మీద ఎత్తని ఫోన్లన్నీ ఒకే నంబరువి, మితానిన్‌ది. తిరిగి చేస్తే అందుబాటులో లేరని హిందీలో ఒకామె చెప్పింది.   జీపెక్కాను.

వాగు మీది కల్వర్టు కనబడలేదు. దాని మీద ఎర్రనీళ్లు పోతున్నాయి. అవతలి గట్టున నా కూతుర్ని మోసుకొచ్చిన మంచం దించి, దాని మీద ప్లాస్టిక్ పట్టా పట్టుకుని ఊరివాళ్లు నిలబడ్డారు. మితానిన్ చేతులూపుతూ ఏదో అరుస్తోంది. వాగు హోరులో ఒక్క మాటా తేలలేదు. దిగబోతే డ్రైవరు నన్ను నడుం పట్టుకుని ఆపాడు. మంచం చుట్టూ ఆడవాళ్లు చీరలు అడ్డం పట్టడం చూశాను. అది చూశాక కాన్పు అక్కడే అవుతోందని, ఇక దిగే పని లేదని తెలిసింది.

నీళ్లు తగ్గాకే కూతుర్ని ఇవతలికి దాటించారు. నా బిడ్డ బతికింది. దాని బిడ్డ ఏడవనే లేదు.

ఆస్పత్రిలో కళ్లు తెరిచి అది అడిగిన మొదటి మాట ఇది:

"మితానిన్ దీదీ గుట్టమీద తడుసుకుంట ఫోను చేస్తనే ఉన్నదంటమ్మా. అక్కడ మోగలేదా?"

"మోగింది బిడ్డా," అన్నాను.