రెండు గ్రూపుల్లో సింహాచలం గారు

2005 వేసవిలో బిలాస్‌పూర్‌లోని ఒక రైల్వే కార్యాలయానికి నన్ను సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా వేశారు. ఏ కార్యాలయమో చెప్పను. తప్పు దానిది కాదు, నాది. సర్వర్‌లోని ఉమ్మడి ఫోల్డర్లను ఎవరు చూడొచ్చు, ఎవరు మార్చొచ్చు అన్నది తేల్చి పెట్టడం నా పని. నేను చేరేసరికి అందరికీ అన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. నెల తిరక్కుండా ఎవరి హద్దుల్లో వాళ్లను కూర్చోబెట్టాను. అందుకు కాస్త గర్వపడ్డాను కూడా.

మనిషి మనిషికీ విడిగా కాక, గ్రూపులు కట్టి గ్రూపుకు అనుమతి ఇస్తాం. సిబ్బంది వ్యవహారాలు చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ గుమాస్తాల గ్రూపుకు సిబ్బంది జాబితాలు మార్చే హక్కు ఇచ్చాను. కంప్యూటర్ శిక్షణకు వచ్చేవాళ్లది వేరే గ్రూపు. వాళ్లు ఆ జాబితాలు చూడాలి గానీ రాయకూడదని 'డినై' గడిలో టిక్కు పెట్టాను. ఒకే మనిషి రెండు గ్రూపుల్లోనూ ఉంటే, ఒకటి సరే అన్నా రెండోది కాదంటే, కాదన్నదే చెల్లుతుంది. ఇది నాకు తెలియని సంగతి కాదు, పదిమందికి పాఠం చెప్పినవాణ్ణి.

సింహాచలం గారు ఎస్టాబ్లిష్‌మెంట్‌లో హెడ్‌క్లర్కు. తాతల నాడే బొబ్బిలి వైపు నుంచి రైల్వే పనికి వచ్చిన కుటుంబం, ఇల్లు ఊళ్లోనే తార్‌బహార్ పేటలో. రిటైర్‌మెంటుకు ఏడాది ఉండగా ఆయన్ను శిక్షణకు రమ్మని బలవంతపెట్టింది నేనే. ఈ వయసులో నాకెందుకని నసిగారు, అయినా వచ్చి బుద్ధిగా నేర్చుకున్నారు. శిక్షణ అయ్యాక ఆయన పేరు ఆ గ్రూపులోంచి తీసెయ్యడం నేను మరిచిపోయాను.

ఆ చలికాలంలో ఫిట్టర్‌గా ప్రమోషన్ కోసం పెట్టే ట్రేడ్ టెస్టుకు పిలిచిన ఖలాసీల, అంటే షెడ్డులో పనిచేసే సహాయకుల, జాబితాలో ధనీరామ్ అనే అతని పేరు లేదు. చేర్చమని కాగితం వచ్చింది, చేర్చానని సింహాచలం గారు అన్నారు. శిక్షణ అయ్యాక ఆయన సొంతంగా కంప్యూటర్‌లో మార్చిన మొదటి జాబితా అదే. సర్వర్ నుంచి తీసిన ప్రింటులో మాత్రం లేదు. టెస్టు జరిగిపోయింది, ఖాళీలు నిండిపోయాయి. ధనీరామ్ ఫిర్యాదు పెట్టాడు, హెడ్‌క్లర్కుకు ఛార్జిషీటు వచ్చింది. కావాలనే వదిలేశాడని సెక్షన్‌లో కొందరు, మతి తప్పిందని కొందరు చెవులు కొరుక్కున్నారు.

అధికారి నన్ను నివేదిక అడిగారు. సర్వర్‌లో ఫైలు చూసి, ఆ రోజుల్లో మార్పు జరిగిన దాఖలా లేదని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టాను. సింహాచలం గారు నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"నాను సేవ్ సేసినాను బాబూ. రోజూ తెరిసి సూస్తన్నాను, ఆ పేరు ఉంది. మరి ఏటయిపోనాదో."

సర్వర్ అబద్ధం చెప్పదు బాబాయ్ గారూ అన్నాను. ఆయన తన సీటుకు వెళ్లిపోయారు. సెన్షూర్ పడింది. అంటే తప్పు చేశావని సర్వీసు రికార్డులో రాసి మందలించడం. ఆ మచ్చతోనే రిటైర్‌మెంటు దండ వేయించుకుని ఇంటికి వెళ్లిపోయారు.

ఆయన కంప్యూటర్‌ను కొత్త మనిషికి ఇవ్వడానికి ఖాళీ చేస్తుంటే, సొంత ఫోల్డర్‌లో ఆ జాబితా కాపీ కనిపించింది. అందులో ధనీరామ్ పేరు ఉంది. తేదీ ప్రింటుకు ముందుదే. శిక్షణ గ్రూపులో పేరు ఇంకా ఉండడంతో నా టిక్కు ఆయన్ను సర్వర్‌లో రాయనివ్వలేదు. అలాంటప్పుడు యంత్రం వేరే పేరుతో కాపీ దాచుకొమ్మంటుంది. ఆయన సరేనని నొక్కి, అప్పట్నుంచీ ఆ కాపీనే తెరిచి చూసుకుంటున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

తప్పు నాదేనని అధికారికి రాసిచ్చాను. మనిషి వెళ్లిపోయాడు, మూసిన ఫైలు ఎందుకు తెరవడమని ఆయన దాన్ని ఫైల్లో పెట్టించారు. తార్‌బహార్ వెళ్లి సింహాచలం గారికి అంతా చెప్పి క్షమించమన్నాను.

"అచ్ఛా. నాను రాసినానని నాకు తెలుసును బాబూ. తెలీనోడు ధనీరామ్. ఆడు నాకు దండం పెట్టడం మానేసినాడు. ఆడికి సెప్పు."

మర్నాడు షెడ్డుకు వెళ్లి ధనీరామ్‌కు చెప్పాను. పని ఆపి అంతా విన్నాడు. బాబూజీ మంచివాడే అన్నమాట, మరి నా టెస్టు ఎప్పుడు పెడతారు సాబ్ అని హిందీలో అడిగాడు.

డినై పెట్టేముందు ఆ మనిషి ఇంకే గ్రూపుల్లో ఉన్నాడో చూడాలి. శిక్షణ ముగిసిన రోజే పేరు తీసెయ్యాలి. ఈ రెండూ తర్వాత నా కింద పనిచేసినవాళ్లందరికీ నేర్పాను. మూడోది చెప్పడానికి ఇన్నేళ్లు పట్టింది. సేవ్ చేశానని ఆయన అన్నప్పుడు నేను సర్వర్ ఒక్కటే చూశాను, ఎందుకంటే అది నాది. ఆయన కంప్యూటర్ నా గదికి రెండు గదుల అవతలే ఉంది. నేను లేచి వెళ్లలేదు.