ప్లీహం లేని ఎలుక

డిగ్రీ పట్టా ఒకటుంటే చేతులకు పని దానంతటదే వచ్చేస్తుందని నమ్మిన వయసది. తొంభైల చివర్లో, అరకు దగ్గర జ్వరాల మీద పరిశోధన చేసే రెండు గదుల ల్యాబులో నాకు ఆరు నెలల తాత్కాలిక ఉద్యోగం దొరికింది. చనిపోయిన తెల్ల ఎలుకను బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట తెరిచి, కాలేయం, ప్లీహం తీసి, తూచి, ఫార్మలిన్ సీసాలో వేసి, రిజిస్టరులో రాయాలి. (ఎలుక ప్లీహం ఎండుమిరప తొక్కంత ఉంటుంది. నా ధైర్యమూ అంతే ఉండేది.) డిసెంబరు చలికి వేళ్లు కొంకర్లు పోయేవి. ఒకరోజు పదకొండో ఎలుకను కోశాక చూస్తే కాలేయం ఉంది, ప్లీహం కనబడలేదు. బల్ల మీదా కిందా వెతికి, విసిగి, "ప్లీహం లేదు" అని రాసి, ఆ పేజీ నకలు విశాఖ ఆఫీసుకు వెళ్లే జీపులో పంపేశాను. సాయంత్రం చూసుకుంటే ఆ ప్లీహం నా స్వెట్టరు చేతికి అంటుకుని ఎండిపోయి ఉంది.

మర్నాడు విశాఖ నుంచి మా ల్యాబు పెద్దసారు ఫోను చేశారు. "పుట్టుకతోనే ప్లీహం లేని ఎలుకా! నా సర్వీసులో చూడలేదమ్మా. కళేబరం జాగ్రత్త. ఎల్లుండి బండికి వస్తున్నాను."

బోనులు కడిగే అక్కది డుంబ్రిగుడ వైపు. సంగతి చెబితే నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఏటమ్మా, సదువుకున్న గుంటవి, ఎలక పేగులు ఒంటికేసుకు తిరుగుతన్నావా?"

"ఉద్యోగం పోతుందక్కా."

"పోతే పోద్ది. పెద్దాయన అంత దూరం నుంచొత్తన్నాడు. బేగి సెప్పేయ్."

నేను చెప్పలేదు. సారు మఫ్లరు చుట్టుకుని, కొత్త భూతద్దం కొనుక్కుని మరీ దిగారు. ఎలుకను తిరగేసి చాలాసేపు చూశారు.

"ప్లీహమే లేకపోతే, దానికి వెళ్లే రక్తనాళాన్ని కత్తిరించిందెవరమ్మా?"

అప్పుడు చెప్పాను, ఏడుస్తూ. "నేను మొన్నే సెప్పమన్నాను బాబూ," అంది గుమ్మంలోంచి అక్క (నా పక్షానో, ఆయన పక్షానో ఇప్పటికీ తెలీదు). సారు భూతద్దం తుడిచి పెట్టెలో పెట్టేశారు. "నేను పారేసుకున్నాను అని రాసి సంతకం చెయ్యి. పన్నెండో ఎలుకను నా ముందు కొయ్యి," అన్నారు. అంతే.

ఉద్యోగం నిలిచింది. ఇప్పుడు నాకు ఆనాటి సారు వయసు. అయినవాళ్లను ఒక్కొక్కరినీ సాగనంపాక వింతల మీద ఆశ తగ్గింది. ఎవరేం చెప్పినా ముందు "సరిగ్గా చూశావా?" అంటాను. ఒక ఎలుక కోసం భూతద్దం కొనుక్కుని కొండెక్కడం నా వల్ల కాదు. అంత మనిషికి రెండు రోజులు అంత సంతోషం ఇచ్చింది నా అబద్ధమేనని గుర్తొస్తే మాత్రం, సిగ్గుతోపాటు చిన్న నవ్వూ వస్తుంది.