మూడు ముక్కలు చేసిన నవల

హాజరైనవారు ముగ్గురు: నేను, రిటైరైన ఇంగ్లిష్ సార్, మా మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షన్ అక్క. ఉన్న వస్తువులు: ఒక టేబుల్, ఒక ఫ్యాను, మూడు టీ గ్లాసులు, మూడు ముక్కలైన ఒక నవల. స్థలం జడ్చర్లలో దర్జీ దుకాణం మీద సార్ ఉండే గది. ఆదివారం ఉదయం పది. నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చాను. కళ్లు మండుతున్నాయి.

కరీబియన్ దీవుల్లో పుట్టి లండన్‌లోనో కెనడాలోనో స్థిరపడినవాళ్ల నవలలు ఆ ఏడాది వరసగా చదువుతున్నాం. దొరికేది ఒక్క ప్రతే. అందుకని దాన్ని మూడు భాగాలుగా కోయించి, విడివిడిగా స్పైరల్ బైండింగ్ చేయించేవాణ్ణి. వారానికోసారి మార్చుకోవాలి. తన భాగంలో ఏముందో మిగతావాళ్లు చదివేదాకా ఎవరూ చెప్పకూడదు. ఈ నియమం నాదే.

ఈసారి నవలలో ఒక తల్లి కూతుర్ని అమ్మమ్మ దగ్గర వదిలి, నర్సు పనికి లండన్ పోతుంది. అక్క మొదటి రెండు భాగాలు చదివేసింది. చివరిది సార్ దగ్గరుంది.

"ఆ పిల్ల తల్లిని మాఫ్ చేస్తదా సార్?" అని అడిగింది.

"అరె బేటీ, పేపర్ లీక్ చెయ్యమంటవా?"

"ఇయ్యాల్నే టికెట్లు తియ్యాలె సార్. నాకు లీకే గావాలె."

ఆమెకు, భర్తకు ముంబైలో పని కుదిరింది. ఆరేళ్ల కూతుర్ని ఆత్మకూర్‌లో అవ్వ దగ్గర ఉంచాలా, వెంట తీసుకుపోవాలా అన్నది తేలలేదు. సార్ నా వైపు చూశారు. నియమం గురించి వాదించే ఓపిక లేదు. చెప్పండి అన్నాను.

పంతొమ్మిదేళ్ల వయసులో కూతురు లండన్‌లో దిగుతుందట. తల్లి చేతిలో కోటు పట్టుకుని ఎదురొస్తుంది. ఇద్దరూ ఒకే బస్సెక్కి వేర్వేరు సీట్లలో కూర్చుంటారు.

"అంతేనా?"

"అంతే బేటీ."

అక్క టీ ముట్టలేదు. "నేను గూడ గట్లనే పెరిగిన. అమ్మ, బాపు బొంబైల మట్టి మోసిన్రు. నేను అవ్వ తాన ఉన్న. అమ్మ వస్తె తలుపెనక దాసుకునేదాన్ని. రాసినామె ఉన్నదే రాసింది."

"మరి తీస్కపో బిడ్డను" అన్నారు సార్.

"ఇద్దరం పొద్దంత పనిల ఉంటం. పిల్లను అర్రల ఏసి తాళం బెట్టాల్నా సార్?"

సార్ అద్దాలు తీసి తుడుచుకున్నారు. నాకు నిద్ర ముంచుకొస్తోంది.

అక్క తన ఫోన్ నా ముందు పెట్టింది. "తమ్మీ, నువ్వే కొట్టు. నాతోని అయితలేదు."

ముంబై బస్సు, మంగళవారం సాయంత్రం. ఆమె చెబుతుంటే టైప్ చేశాను. ముందు భర్త పేరు, వయసు. తర్వాత ఆమెవి. అక్కడ ఆగింది. నేను తలెత్తలేదు.

"ఇగ ఒత్తు" అంది.

పెద్దలు రెండు. పిల్లలు సున్నా.