అడిగి దొరక్కపోయిన సరుకుల పుస్తకం

జార్జి టౌన్‌లోని మా గుండీలు, లేసుల హోల్‌సేల్ అంగడిలో పాతికేళ్లు సరుకు చూసుకున్న మామ కిందటి మంగళవారం పోయారు. నాన్న ఆ మాట చెప్పగానే నాకు ముందు గుర్తొచ్చింది ఆయన ముఖం కాదు, ఆయన పుస్తకాలు. సిగ్గేసింది.

ఆయన మాకు చుట్టం కాదు, అంగడికి వచ్చే వాళ్లందరికీ మామే. వచ్చినవాళ్లతో 'లేదు' అనకూడదని ఆయన పట్టింపు. మా దగ్గర లేనిది ఎవరైనా అడిగితే "వస్తాదన్నా, రాసుకుంటా" అనేవారు. నిజంగానే రాసేవారు. ఎవరు, ఏ ఊరు, ఏం అడిగారు, ఎందుకు. సరుకొచ్చాక ఆ వరుస చివర ఎర్ర పెన్సిల్‌తో టిక్కు పెట్టేవారు. అలాంటి పుస్తకాలు అలమర నిండా ఉండేవి. ఒక ఏడు గూడూరు వాళ్లు ముగ్గురు మెరూన్ రిబ్బన్లు అడిగారని చూసుకుని, అక్కడి బడిలో యూనిఫాం మారుతోందని కనిపెట్టి, జూన్‌కు ముందే తెప్పించారు. వీధిలో ఇంకెవరి దగ్గరా లేవు. నాన్న ఆ సంగతి పెళ్లిళ్లలో కూడా చెప్పేవాడు.

నేను కంప్యూటర్ కోర్సు చేసొచ్చి అంగడిని బాగుచేయడానికి పూనుకున్నాను. కంప్యూటర్‌కు ఏసీ గది కావాలన్నాను. మామ మొక్కు తీర్చుకోవడానికి తిరుపతి వెళ్లిన రెండు రోజుల్లో అలమర తీయించి, పుస్తకాలన్నీ పాత పేపర్ల బండికెత్తించాను.

"ఈడుండే పుస్తకాలేవి పాపా?"

"అవెందుకు మామా? బిల్లులన్నీ కంప్యూటర్లో ఎక్కించేసినా. ఎవురు ఏం కొన్నారో బటన్ నొక్కితే వచ్చేస్తాది."

"కొన్నది బిల్లు చెప్తాది. కొనకుండా పోయినోడు ఏం అడిగినాడో ఎవురు చెప్తారు?"

కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

ఆ జూన్‌లో, కిందటేడు బాగా అమ్ముడుపోయాయని కంప్యూటర్ చూపించిన నీలం రిబ్బన్లు మూటలకొద్దీ తెప్పించాను. తిరుత్తణి బడి పసుపుకు మారిందట. ముందే నలుగురు పసుపు అడిగిపోయిన సంగతి బండికెక్కిన పుస్తకంలో ఉందట. వాళ్లు పక్క సందుకు వెళ్లారు, మళ్లీ మా మెట్టెక్కలేదు.

అప్పుడు వెళ్లి అడిగాను. "ఆ పుస్తకాలు మళ్లా దొరుకుతాయా మామా?"

"రాసుకుంటా పాపా" అని నవ్వారు. నేనూ నవ్వేశాను. పక్కన కూర్చుని, ఆయనకు గుర్తున్నంతైనా చెప్పించుకుని ఎక్కించుకోవలసింది. ఇవాళ, రేపు అంటూ మూడేళ్లు గడిపేశాను. తలుచుకుంటే నా మీద నాకే కోపమొస్తోంది.

నిన్న వాళ్లింటికి వెళితే, ఎప్పుడూ ఆయన చొక్కా జేబులో ఉండే చిన్న పుస్తకం ఆయన భార్య తెచ్చి ఇచ్చింది. "నీకియ్యమన్నాడమ్మా" అంది. అంగడిలో ఆయన చేతిలో ఎన్నోసార్లు చూశాను గానీ, ఏమిటని ఎప్పుడూ అడగలేదు. తెరిచి చూశాను. వేలూరు వాళ్ల హుక్కులు, టిక్కు. కంచి వాళ్ల జరీ లేసు, టిక్కు. మొదటి పేజీలోనే ఒక వరుస: 'పాప. మన అంగడి. పాత పుస్తకాలు. కంప్యూటర్లో ఎక్కించేదానికి.'

దాని కిందంతా ఎర్ర టిక్కులే. ఆ ఒక్క వరుస చివర మాత్రం చోటు ఖాళీగా ఉంది.