పెద్దసారు కొట్టివేసిన అంకె

మొన్న ఉదయం మా పెద్దసారు పోయారని ఫోనొచ్చింది. "ఎవరు చెప్పారు? చూసి చెప్పారా, విని చెప్పారా?" అని అడిగాను. చావుకబురు చెప్పినవాళ్ళను అలా నిలదీస్తారా అనకండి. నాకు ఆ జబ్బు అంటించింది ఆయనే. ఆ జబ్బే ఇవాళ నాకు అన్నం పెడుతోంది.

దేశంలో సహజవాయువు ఎంత ఉందో తలా ఒక లెక్క చెబుతారు. ఆ అంచనాలన్నీ పక్కపక్కన పెట్టి, పోల్చి, నివేదిక రాయడం దువ్వాడలో అప్పట్లో నేను చేరిన చిన్న ఆఫీసు పని. పెద్దసారు ప్రతి అంకె పక్కనా పెన్సిల్‌తో రాసేవారు, ఎవరు లెక్కేశారో, ఎవరి కోసం వేశారో. సముద్రం మీద చేపల వేటకెళ్ళే ఇంట్లో పుట్టిన మనిషి. అంకె మరీ పెద్దదైతే కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "నీటిలో సేపలు ఎవుడైనా సెప్తాడమ్మా. వలలోకి ఎన్నొచ్చాయో అడుగు," అనేవారు. హార్బరులో మొప్ప ఎత్తి చూడందే చేప కొనేవారు కాదు. హోటల్లో టీ అయినా వాసన చూశాకే తాగేవారు.

అలాంటాయన, నేను మూడు వారాలు కూర్చుని తయారుచేసిన పట్టికలో అన్నిటికన్నా పెద్ద అంకెను కొట్టేశారు. "ఇది తీసెయ్యమ్మా," అన్నారు, అంతే. ఆ వారమే ఎవరో కారులో వచ్చి ఆయనతో మాట్లాడి వెళ్ళారు. రెండిటికీ ముడిపెట్టేశాను. ముసలాయన ఎవరికో అమ్ముడుపోయాడనుకున్నాను. "నాను సెప్పిందైనా నమ్మీకమ్మా. అనుమానమొత్తే దాసుకోకు, ఆ మనిషినే అడుగు," అని ఆయనే ఎన్నిసార్లు చెప్పారో! అడగలేదు. ఉద్యోగం మానేసి వచ్చేశాను.

ఏడాది తర్వాత నా దగ్గర మిగిలిన పాత కాగితాలు తిరగేస్తుంటే తెలిసింది, తప్పు నాదే. మిగతా లెక్కలన్నీ పైకి తీయగలిగిన గ్యాసువి. ఆ ఒక్కటీ భూమిలో ఉన్నదంతా కలిపి చెప్పింది. రెంటినీ ఒకే వరసలో కూర్చోబెట్టింది నేను. వెళ్ళి క్షమించమని అడగాలనుకున్నాను. సిగ్గేసింది. ఈ ఆదివారం, వచ్చే ఆదివారం అంటూ రోజులు గడిపేశాను.

మొన్న వెళ్ళాను. ఆయన్ని చాప మీద పడుకోబెట్టి తెల్లదుప్పటి కప్పారు. ఆ రోజు కారులో వచ్చినాయన తల దగ్గర కూర్చుని ఏడుస్తున్నాడు. అల్లుడట. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

దుప్పటి ఛాతీ దగ్గర కొంచెం లేచింది. మళ్ళీ లేచింది. ఊపిరి బిగబట్టి చూస్తూ కూర్చున్నాను. ఉన్నారేమో. ఉంటే ఇప్పుడే అడిగేస్తాను.

"ఏటమ్మా, అలా సూత్తన్నావు?" అన్నారు ఆయన భార్య.

పైన ఫ్యాను తిరుగుతోంది.

"అమ్మా, ఒక్క నిమిషం ఫ్యాను ఆపుతారా?"

ఆపారు. దుప్పటి మళ్ళీ లేవలేదు.