తడి పన్ను రంగు

లవంగనూనె వాసన తగిలితే చాలు, నాకు ఎనభై దాటాయన్న సంగతి మరిచిపోతాను. మొన్న వికారాబాదులో నా మనవరాలు పళ్ళు తెల్లగా చేయించుకుంటానంటే తోడు వెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ మచ్చుపళ్ళ పట్టీ దాని నోటి దగ్గర పెట్టి, లైటు వేసి చూస్తోంది. తెలుపు నుంచి పసుపుకు, పసుపు నుంచి గోధుమకు దిగే పింగాణీ పళ్ళ వరుస అది. "బిడ్డా, గా లైటు ఆర్పు. కిటికీ కాడికి తీస్కపో," అన్నాను. మనవరాలు సిగ్గుతో చచ్చిపోయింది. నాకేం సిగ్గు? నాకా పని నేర్పినవాడు తాండూరు పళ్ళ డాక్టరు ఖాదర్ సాబ్.

అప్పుడు నేను తాండూరు మిల్లులో కందిపప్పు ఏరేదాన్ని. ఇరవై నాలుగేళ్ళున్నా అక్షరం ముక్క రాదు. పంటినొప్పితో సాబ్ దగ్గరకు వెళ్ళేసరికి, ఆయన ఒక ముసలాయనకు పెట్టుడు పన్ను రంగు కుదరక తంటాలు పడుతున్నాడు.

"గది గాదు సాబ్, పక్కది," అన్నాను ఉండబట్టలేక.

"నీకెట్ల తెలిసె?"

"పొద్దందాక పప్పు రంగే చూస్త. పన్నొక లెక్కనా?"

నా పన్ను పీకి, నన్ను పనిలో పెట్టుకున్నాడు.

నేర్పడంలో మహా మొండి. రంగు పొద్దుటిపూట కిటికీ వెలుతురులోనే చూడాలనేవాడు. ఒక్క చూపు చూసి ఆపాలి. తేరిపార చూస్తే కన్ను ఆ పసుపుకు అలవాటు పడుతుంది. "కండ్లు పరేషానైతయి బాలమ్మా, జర బండను చూడు," అనేవాడు. కింద పరిచిన మా ఊరి నీలిబండను చూసి మళ్ళీ పన్ను చూసేదాన్ని. తెలుపు వైపు నుంచి ఎన్నో మచ్చుకు కలిస్తే కాగితం మీద అన్ని గీతలు గీసేదాన్ని.

పెద్దేముల్ నుంచి ఒక పంతులు వచ్చేవాడు. పళ్ళన్నీ తుప్పురంగు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే పాఠం చెప్పేవాడట. పిల్లలు వెనక నుంచి వెక్కిరించేవారట. సాబ్ మందులో ముంచిన దూది ఆయన పళ్ళ మీద పెట్టి, దీపం వేడి చూపేవాడు. మొదట్లో పన్నెండో మచ్చుకు కలిసింది. మూడోసారి మందు పెట్టాక సాబ్‌కు ఎక్కడి నుంచో పిలుపు వచ్చింది. "రంగు నువ్వే చూడు," అని వెళ్ళిపోయాడు. దూది తీసి చూశాను. ఏడు! పంతులు అద్దం చూసుకుని చెయ్యి దించాడు. "రేపు బళ్ళె నోరు నిండ నవ్వుత బాలమ్మా!"

మర్నాడు పొద్దున్నే బడి మానేసి మా దగ్గరకు వచ్చాడు. చెయ్యి మళ్ళీ నోటి మీదికెక్కింది.

"ఊరంత చెప్పుకున్న. లేచి చూస్తె మళ్ల పచ్చగైనయి. మోసం జేస్తరా? ఇగ రాను."

సాబ్ ఆయన్ని కిటికీ దగ్గర నిలబెట్టి చూశాడు. తొమ్మిది. నా కాగితం మీద ఏడు గీతలే ఉన్నాయి.

"నిన్న ఎప్పుడు చూసినవ్?"

"దూది తీయంగనే, సాబ్. పన్ను ఎండి ఉండె."

"ఎండిన పన్ను తెల్లగ గనపడి అబద్ధమాడ్తది. ఉమ్మిల నాని ఒక దినం అయినంక నిజం చెప్తది." పంతులు వైపు తిరిగాడు. "తప్పు నాది. ఈమెకు గా ముచ్చట చెప్పకుంట పోయిన."

నాకది నచ్చలేదు. చూసినవి నా కళ్ళు. "చూసింది నేను, తప్పు నాదే. గని మోసం లేదు పంతులూ. పన్నెండు తొమ్మిదైంది, గది నిజం," అన్నాను.

పంతులు కాగితం అటూ ఇటూ తిప్పాడు. "గీతలు జూస్తె తడి పన్నా, ఎండిన పన్నా, ఎట్ల తెల్వాలె?"

గీతలు తప్ప నాకు రాయడం రాదని చెప్పాను. సాబ్ నవ్వాడు. "మీ పండ్లు నేను చూస్త. ఈమెకు అక్షరాలు మీరు చూడుండ్రి."

పంతులు ఇంకో రెండుసార్లు మందు పెట్టించుకున్నాడు. వచ్చినప్పుడల్లా నాకు పలక పట్టించాడు. చివరిసారి ఒక రోజు ఆగి, పొద్దున్నే చూశాను. ఏడు. అంకె కింద 'తడి, పొద్దు, కిటికీ' అని నా చేత్తో రాసిచ్చాను. ఆయన చదివి, చెయ్యి అడ్డం లేకుండా నవ్వాడు.

మొన్న డాక్టరమ్మ కంప్యూటర్లో ఉత్త అంకె వేసి ఊరుకోబోయింది. "తడిగున్నప్పుడు చూసినవా, ఎండినంక చూసినవా? గదిగూడ రాయి బిడ్డా," అన్నాను. మనవరాలు నా కొంగు లాగింది. నా పేరు కంటే ముందు 'తడి' రాయడం నేర్చుకున్నదాన్ని, ఊరుకుంటానా?